ఐస్ పెట్టెలో పన్నెండు సీసాలు

కాట్రేనికోన నుంచి రాజమండ్రి బస్సులో
ఒళ్ళో థర్మోకోల్ పెట్టె పెట్టుకు కూర్చుంటే
కండక్టరు వంగి వాసన చూశాడు.
"చేపలైతే లగేజీ కొట్టాలమ్మా."
చేపలు కావండీ, నీళ్ళు.
బస్సంతా నవ్వింది.
"గోదారి జిల్లాలో నీళ్ళు మోసుకెళ్ళేదాన్ని
నిన్నే చూశాం తల్లీ!"

నేనూ నవ్వాను.
లోపల పన్నెండు సీసాలు,
మెడలకి నా రాతలో చీటీలు:
మురుగు కాలువ మొగ, ఉదయం ఆరూ పది.
రొయ్యల చెరువు తూము కింద, ఏడు.
ఓలేటి నాగేశు గారి బోరు, ఏడూ నలభై.
ఆ బోరు నీళ్ళతోనే వాళ్ళావిడ టీ పెట్టిచ్చింది.
రెండు చెంచాల పంచదార వేసినా
ఉప్పు నాలుకని వదల్లేదు.
ఆ టీని ఏ గడిలో రాయాలో
మా ఫారంలో లేదు.

ఎమ్మెస్సీ, పర్యావరణ శాస్త్రం, రెండో ఏడు.
మా మేనమామ ఇప్పటికీ "మొక్కల చదువు" అంటాడు.
"బీఈడీ చేసుంటే ఈపాటికి..." అని
వాక్యాన్ని కాలవలో వదిలేస్తాడు,
అది ఎటో కొట్టుకుపోతుంది.

ఏం ఉద్యోగాలొస్తాయని అడిగేవాళ్ళకి
మా సీనియర్లని చూపిస్తాను.
జోస్ఫిన్, భీమవరంలో రొయ్యల ఫ్యాక్టరీ ల్యాబు.
తలకి టోపీ, చేతులకి గ్లౌజులు,
రోజంతా రొయ్యలో మందు వెతుకుతుంది.
గంగాభవాని కాలుష్య మండలిలో కాంట్రాక్టు,
మూడేళ్ళుగా వచ్చే నెలే పర్మినెంటు.
సత్తిరాజు ఇంటింటికీ ఫిల్టర్లు అమ్ముతాడు.
బాగానే అమ్ముతాడు,
అతను పీహెచ్ గురించి మొదలెడితే
కొనకుండా లేచినవాళ్ళు లేరు.
ఇక ఫణి, హైదరాబాదు కన్సల్టెన్సీలో
తను చూడని ఊళ్ళకి నివేదికలు రాస్తాడు.

నిన్న ఫోన్ చేసింది ఆ ఫణే.
"నూకరత్నం, మా దగ్గర ఓ ఖాళీ ఉంది. ముప్పై రెండు వేలు.
ఎలా రాయాలో ఇది చూసి నేర్చుకో."
నూట పన్నెండో పేజీ:
సదరు ప్రాంతంలో చెప్పుకోదగ్గ వృక్షజాతులు లేవు.
సదరు ప్రాంతమంటే
మా అమ్మ పీతలు పట్టే పాయ.

అమ్మకి చదివి వినిపించాను.
బురద కాళ్ళతో గుమ్మంలో కూర్చుని
వేళ్ళు మడవడం మొదలెట్టింది.
తెల్లమడ. నల్లమడ. ఉప్పుపొన్న. గుగ్గిలం. కళింగ.
ఒక చెయ్యి అయిపోయింది.
రెండో చేతి బొటనవేలు దగ్గర ఆగి,
"తిల్ల. దాని పాలు పడితే కళ్ళు పోతాయే.
ఇది రాసినోడికి అదే గాని పడిందేంటి?"

ముప్పై రెండు వేలు.
నాన్న బోటింజను బాకీ పది నెలల్లో తీరిపోతుంది.
సరేననలేదు. వద్దనీ అనలేదు.
ఆ పేజీ అంచున ఆరు పేర్లు రాసి
ఫోటో తీసి పంపాను.
రెండు నీలం టిక్కులు పడ్డాయి.
అంతే.

రేపు ఈ సీసాల్లో కొన్నిటిని
మూత బిగించి చీకట్లో పెడతాను, అయిదు రోజులు.
తెరిచాక లెక్కకడతాను,
లోపల ఎంత ఊపిరి ఖర్చయిందో, ఎంత మిగిలిందో.
తొందరపడితే నీళ్ళు అబద్ధం చెప్పవే,
నువ్వు చెబుతావు, అంటుంది ఇందుమతి మేడమ్.

రావులపాలెంలో బస్సాగింది.
పెట్టె మూల నుంచి కారిన నీళ్ళు
కండక్టరు చెప్పుల దాకా వెళ్ళాయి.
తిడతాడనుకున్నాను.
దిగి, సోడా బండి దగ్గర
గుప్పెడు ఐసు ముక్కలు కవర్లో తెచ్చాడు.
పెట్టెలో పోస్తూ, ఎవరూ వినకుండా,
"ఏమనుకోకు గానీ...
మా ఇంటి బోరు నీళ్ళు ఓ సీసా తెస్తే చూస్తావా?
పాప అన్నం పసుపుగా ఉందని తినట్లేదు."

సంచిలో ఖాళీది ఒక్కటే మిగిలింది. ఇచ్చాను.
అంచు దాకా నింపండి,
బుడగ ఉండకూడదు అన్నాను.
టిక్కెట్ల పుస్తకం వెనక
ఆయన అది రాసుకుంటుంటే
బస్సు జొన్నాడ వంతెన ఎక్కింది.